ఇంజను వెనక సందు

యారాడ నుంచి ఎక్కడికి వెళ్లాలన్నా ముందు కొండ ఎక్కాలి. విశాఖ అంచునున్న ఆ ఊరికి ఒకవైపు సముద్రం, మిగిలిన వైపులన్నీ కొండే. తెల్లారగట్ల ఒడ్డుకు చేరిన చేప ఎండ ముదిరేలోగా గాజువాక బజారులో ఉండాలంటే ఆ ఘాట్ రోడ్డు మీదుగానే పోవాలి. ఒకప్పుడు ఆ ఊరి ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని కాలినడకన కొండ దాటేవాళ్లు. తర్వాత బస్సు వచ్చింది, ఆటోలు వచ్చాయి. బస్సులో తట్టల నీళ్లు కారుతున్నాయని రోజూ గొడవ. ఆటో ముగ్గుర్ని ఎక్కించుకుంటే చాలు, రెండో మలుపులోనే మూలుగుతుంది. ఈ పాట్లన్నీ పడ్డాక, ఇప్పుడు ఆ ఊళ్లో చేపలమ్మే ఆడవాళ్ల నోట 'బండి' అంటే మహేశ్వరి బండే. ఏడు సీట్ల పాత డీజిలు కారు. కొన్న కొత్తలో వెండిరంగు, ఇప్పుడు ఉప్పుగాలికి ఏ రంగో చెప్పలేం. పైన ఇనప క్యారియరు, దాని మీద వరసగా తట్టలు, లోపల సర్దుకుని కూర్చున్న ఆడవాళ్లు, స్టీరింగు ముందు మహేశ్వరి.

మహేశ్వరి పుట్టిల్లు పూడిమడక. తండ్రి వల ముందేసుకుని కూర్చుంటే పక్కన కూర్చుని పెరిగింది. వలలో కన్ను ఎక్కడ తెగిందో చూసుకోనక్కర్లేదు ఆమెకు. ఎవరితోనో కబుర్లు చెబుతూనే వేళ్లతో తడిమి, తెగినచోటు పట్టుకుని, ముడి వేసేసేది. పెళ్లై యారాడ వచ్చాక మొగుడు ఎల్లారావు వేటకు వెళ్లేవాడు, అత్త పోతమ్మ ఒక తట్ట ఎత్తుకునేది, కోడలు ఇంకో తట్ట. గాజువాకలో అమ్మగా మిగిలింది కూర్మన్నపాలెం తీసుకెళ్లి స్టీలు ప్లాంటు ఉద్యోగుల ఇళ్లముందు అమ్మేవాళ్లు.

ఆ ఇళ్లల్లో ఒకటి శ్రీరామ్మూర్తి గారిది. భీమవరం వైపు మనిషి, ప్లాంటులో పనికొచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ఆదివారం వచ్చిందంటే వంజరం ఉండాల్సిందే. మహేశ్వరి చేప కోసిచ్చేలోగా ఆయన గుడ్డ పట్టుకుని కారు తుడుచుకునేవాడు.

"బాబూ, ఇది మా కొండెక్కుతాదా?" అని అడిగింది ఒకసారి.

"మీ కొండేంటమ్మా, అరకు ఘాట్ మీద ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని మూడో గేరులో లాక్కుపోయింది," అన్నాడాయన. "టర్బో బండి ఇది. గుండె గట్టిది."

ఆ మాట ఆమె మనసులో నాటుకుపోయింది. రిటైరయ్యాక ఆయనకు చూపు మందగించింది. కారు అమ్మేస్తానన్నాడు. మహేశ్వరి తట్ట దించకుండానే అడిగింది.

"నాకిచ్చీండి బాబూ."

"నీకు డ్రైవింగు వచ్చా?"

"నేర్సుకుంతాను. అందాకా ఎవులికీ ఇచ్చీకండి."

ఆయన నవ్వలేదు. సరేనన్నాడు, ఆగాడు కూడా. మహేశ్వరి బజారు పని అయ్యాక గాజువాకలో డ్రైవింగు స్కూలుకి వెళ్లేది. చేపల వాసన పోదు కదా, నేర్పే ఆయన నాలుగు అద్దాలూ దించేసి కూర్చునేవాడు. లైసెన్సు పరీక్ష రోజున ఎనిమిది అంకెలాగా బండి తిప్పమన్నారు. ముందు మగవాళ్లు ఇద్దరు గుంజలు పడేశారు. మహేశ్వరి ఒక్క గుంజనూ తాకకుండా తిప్పి దిగింది. ఆ రోజు సంగతి ఇప్పటికీ అడిగితే చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది.

కారు ఊళ్లోకి తెచ్చిన మొదటి పొద్దున రామకోవెల దగ్గర సగం ఊరు నిలబడింది. ఆడది తోలే బండి, అదీ ఆ కొండ మీద. ఎవరూ ఎక్కలేదు. పోతమ్మ వచ్చి తన తట్ట తనే పైకి తోసి, ముందు సీట్లో కూర్చుని తలుపేసుకుంది.

"నా కోడలు తోల్తాది, నాను ముందు కూకుంతాను. బయమైనోళ్లు నడిసి రండి," అంది.

కాసేపటికి, చేపలమ్మేవాళ్లలో పెద్దదైన అసిరమ్మ ఎక్కింది. అసిరమ్మ ఎక్కితే మిగిలిన వాళ్లు ఎక్కినట్టే. ఆ రోజు మొదలు ఆ బండిలో సీటు ఖాళీగా ఉన్న పొద్దు లేదు. ఏళ్లు గడిచాయి. ప్రసవాలకు వెళ్లింది ఆ బండి, పెళ్లిచూపులకు వెళ్లింది, తుఫానులో వేటకెళ్లినవాళ్లు పక్క ఊళ్ల ఒడ్డుకు కొట్టుకుపోతే తీసుకురావడానికి వెళ్లింది. ఎక్కడా మొరాయించలేదు.

మొన్న కార్తీకం వెళ్లాక దానికేదో అయింది. చదును రోడ్డు మీద బాగానే ఉంటుంది. కొండ మొదలైతే చాలు, కాలు ఎంత నొక్కినా అరుపు తప్ప లాగుడు ఉండదు. మూడో గేరులో ఎక్కేది రెండుకి దిగింది. రెండు నుంచి ఒకటికి దిగింది. మహేశ్వరి ఎవరికీ చెప్పలేదు. తట్టలు కొంచెం తక్కువ ఎక్కించమని మాత్రం అంది, క్యారియరు వదులైందని సాకు చెప్పి.

ఒక పొద్దున, అన్నిటికంటే నిటారుగా ఉండే మలుపులో, మొదటి గేరులో కూడా బండి ముందుకు పోలేదు. ఇంజను నడుస్తూనే ఉంది. చక్రం కదలదు. వెనక్కి జారబోతుంటే మహేశ్వరి హ్యాండ్ బ్రేకు లాగింది. ఎల్లారావు ఎప్పుడూ సీటు కింద ఉంచే చెక్కదుంగను పోతమ్మ దిగి చక్రం వెనక పెట్టింది. ఆడవాళ్లంతా దిగారు. తట్టలు దించుకుని, చుట్టకుదుళ్లు సర్దుకుని, నెత్తిన పెట్టుకుని నడవడం మొదలుపెట్టారు. అసిరమ్మ వెళ్తూ కిటికీ దగ్గర ఆగింది.

"ఏటవుద్దిలే అమ్మా. మాం నడిసిన కొండే కదా ఇది."

మంచిమాటే అది. ఓదార్పుగా అన్నమాట. కానీ మహేశ్వరికి బూతు తిట్టినా అంత గుచ్చుకునేది కాదు. మళ్లీ ఆ నెత్తిన తట్టలు, మళ్లీ ఆ నడక చూడకూడదనే కదా ఇదంతా చేసింది. ఖాళీ బండి వేసుకుని వాళ్ల వెనకే నత్తలా పాకుతూ ఎక్కింది. కొండ మీద వాళ్లను మళ్లీ ఎక్కించుకుంది. బజారు చేరేదాకా అద్దంలోకి చూడలేకపోయింది.

సింధియా జంక్షన్‌లో వ్యాన్లు తిప్పే అర్జునరావు బానెట్ ఎత్తి చూసి, ఇంజనుకు గాలి ఎక్కించి బలమిచ్చే టర్బో పోయిందని తేల్చేశాడు. కొత్తది వేయించేకంటే బండి తీసేయడం మేలన్నాడు. ఆ మాట అందరికంటే ముందు ఎల్లారావు చెవిన పడింది. సాయంత్రం ఇంటి ముందు వల ఆరేస్తూ తెచ్చాడు ఆ ప్రస్తావన.

"అమ్మీద్దాం మయేస్సరీ. ముసల్దైపోనాది బండి."

"మీ యమ్మ కూడా ముసల్దైపోనాది. అమ్మీత్తావేటి?"

లోపల పొయ్యి దగ్గరున్న పోతమ్మ కిసుక్కుమంది. ఎల్లారావు వల దులపడంలో మునిగిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లు మొగుడూ పెళ్లాల మధ్య అవసరమైన మాటలే నడిచాయి.

మహేశ్వరి శ్రీరామ్మూర్తి గారికి ఫోను చేసింది. ఆయన ఈ కారుకు మొదట్నుంచీ పనిచేసిన మెకానిక్ పేరు చెప్పాడు. మద్దిలపాలెం బస్ డిపో వెనక సందులో దుర్గారావు షెడ్డు. బజారు పని ముగించుకుని అటే పోనిచ్చింది.

దుర్గారావు లావాటి మనిషి, మాట మాత్రం మెత్తన. బండిని చూడగానే గుర్తుపట్టాడు. స్టార్ట్ చేసి ఉంచమన్నాడు. ఒక రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని, రెండో చివర ఇంజను మీద అక్కడా ఇక్కడా ఆనించి, డాక్టరు గుండె విన్నట్టు విన్నాడు. ఒకచోట ఆగాడు. తర్వాత ఇంజను ఆపించి, పైన కనిపిస్తున్న ఒక సన్నటి నల్ల పైపును రెండు వేళ్లతో వంచాడు. అది అప్పడంలా పుటుక్కుమంది.

"టర్బో బాగానే ఉందమ్మా," అన్నాడు. "దానికి కబురు అందట్లేదు."

"కబురేటన్నా?"

దుర్గారావు విరిగిన ముక్క ఆమె చేతిలో పెట్టి చెప్పాడు. ఇంజను ఈ పైపుల్లోంచి గాలి లాగుతుంది. ఆ లాగుడికి టర్బో పక్కనున్న చిన్న రేకుడబ్బా ఒక కడ్డీని లాగుతుంది. కడ్డీ కదిలితేనే టర్బో ఊపందుకుంటుంది. వేడికి ఎండి ఎండి పైపులు చిల్లులు పడ్డాయి. గాలి మధ్యలోనే పోతోంది. కడ్డీ కదలట్లేదు. అంతే జబ్బు.

"మరి మార్సీ."

"మారుత్తాను. రెండు పైపులు ఇప్పుడే వేసీగలను. మూడోదే తంటా."

ఆ రెండూ టీ తాగినంత సేపట్లో మార్చేశాడు. మూడోది ఇంజను వెనక్కి వెళ్లి, ఇంజనుకూ డ్రైవరు ముందుండే ఇనపగోడకూ మధ్య సందులోంచి కిందికి దిగి, ఎక్కడో లోపల ఆ డబ్బాకు తగులుకుని ఉంది. పైనుంచి కంటికి కనపడదు. కింద నుంచి దారి ఉంది కానీ దుర్గారావు చెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. బయటికి లాక్కుంటే కణుపుల మీద తోలు లేచి ఉంది.

"పైభాగం అంతా ఇప్పాల. పాత బండి, ఒక బోల్టు తియ్యబోతే పక్కది ఇరుగుతాది. పైగా నా ముందు ఇంకో రెండు బళ్లున్నాయి. వారం పైనే పడతాది," అన్నాడు. చెప్పడం ఆయనకే ఇష్టం లేనట్టుంది.

మహేశ్వరి చీరకుచ్చిళ్లు బిగించి, చతికిలబడి, బండి కిందికి తొంగి చూసింది.

"నా సెయ్యి పడతాదేమో సూడనా?"

దుర్గారావు ఆమె చేతికేసి చూశాడు. సన్నటి చెయ్యి, వేళ్లు పొడుగు, వల తాళ్లు కోసి కోసి కాయలు కాసిన చివర్లు. "సూడు, కానీ జాగర్తమ్మా, కాలిపోతంది," అన్నాడు. ఆమె పడుకుని చెయ్యి పెట్టింది. మోచెయ్యి దాకా పోయింది. ఇంకా లోపలికి పోబోతుంటే వేడి రేకు తగిలి చుర్రుమంది, తీసేసింది.

"ఇంజను సల్లగా ఉన్నప్పుడు రా," అన్నాడు దుర్గారావు. తర్వాత అటక మీద పాత సామాను కెలికి, అలాంటిదే ఒక తుక్కు డబ్బా తీసి ఇచ్చాడు. "ఇది ఇంటికి తీసుకెళ్లు. కళ్లు మూసుకుని పైపు ఎక్కించడం నేర్సుకో. అక్కడ నీకు కన్ను పనిచెయ్యదు, వేలే."

ఆ డబ్బా ఆమె ఒళ్లో ఉంటూనే ఉండేది. అన్నం ఉడికేలోగా, సీరియల్ చూస్తూ, పైపు ముక్క ఎక్కించడం, పీకడం. డబ్బాకు ఒక పక్క చిన్న ముక్కులాంటిది పొడుచుకుని ఉంది. పైపు దాని మీద కూర్చోవాలి. పోతమ్మ చూసి చూసి, "ఏటే అది, పీక నొక్కుతున్నట్టు," అంది. ఎల్లారావు ఒకటి రెండుసార్లు ఓరగా చూశాడు.

బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. పోర్టులో ప్రమాద సూచిక ఎగరేశారు. బోట్లన్నీ ఒడ్డుకు లాగేశారు. వేట లేదు, చేప లేదు, బజారు లేదు. ముందు రోజు సాయంత్రమే మహేశ్వరి బండి షెడ్డులో వదిలి బస్సులో వచ్చేసింది. పొద్దున్నే బయల్దేరుతుంటే ఎల్లారావు చొక్కా వేసుకుని వచ్చాడు.

"నువ్వెందుకు మావా?"

"ఇంట్లో కూకుని ఏటి సేత్తాను," అన్నాడు, వల బాగుచేసే సంచీ భుజాన వేసుకుంటూ. గట్టి దారం తెచ్చుకోమని దుర్గారావు మహేశ్వరికి చెప్పి పంపాడు.

దుర్గారావు బండి ముందుభాగం ఎత్తి, కింద ఇనప స్టాండ్లు బిగించి, తన బరువంతా వేసి ఊపి చూసి, అప్పుడు ఆమెను కిందికి వెళ్లమన్నాడు. మహేశ్వరి కుడిచేతి మట్టిగాజులు ఎడమ చేతికి మార్చుకుంది. అట్టపెట్టె చింపి పరుచుకుని వెల్లకిలా పడుకుంది. చెయ్యి లోపలికి పెట్టింది. ఒక పక్క గేరు పెట్టె, ఒక పక్క ఇంజను, రెంటి మధ్యా మోచెయ్యి ఒక వంపు తిప్పితేగానీ దారి ఇవ్వదు. రేకు అంచు తగిలింది. అది దాటితే గుండ్రంగా డబ్బా. దాని కింద కడ్డీ. ఇంట్లో తడిమిన ఆకారమే, చీకట్లో తల్లకిందులుగా.

దుర్గారావు పథకం తేలికైనది. పాత పైపు పై చివర దారం కట్టి, కింద నుంచి పైపును లాగితే, దాని వెంట దారం దిగుతుంది. ఆ దారానికి కొత్త పైపు కట్టి అదే దారిన లాగేయొచ్చు. మహేశ్వరి పాత పైపు పట్టుకుని మెల్లగా తిప్పి లాగింది. ఎండుపుల్లలా విరిగిపోయింది. కింద ముక్క ఆమె వేళ్లలో పొడైంది, పై ముక్క దారంతో సహా పైకే వచ్చేసింది.

దుర్గారావు నిట్టూర్చాడు. "దారి పోనాదమ్మా. ఇంక ఇప్పాల్సిందే."

బానెట్ పక్కన అప్పటిదాకా చేతులు కట్టుకు నిలబడ్డ ఎల్లారావు వంగి, ఇంజను వెనక సందులోకి టార్చి వేశాడు. చాలాసేపు చూశాడు. నీళ్లలోకి చూసే చూపు అది.

"కింద అట్ట కనిపిత్తంది," అన్నాడు. "ఎలుతురు పోయినకాడికి తాడు పోదేటి? గుండు కట్టి దింపుతాను."

సంచీ అడుగున వలకు బరువు కోసం కట్టే గుళ్లు ఉన్నాయి. చిన్న సీసం గుండు తీసి నైలాను దారానికి కట్టాడు.

"లోపల పడిపోతే ఇంక తియ్యలేం," అన్నాడు దుర్గారావు.

"నా ముడి ఊడితే రేపట్నుంచి నాను వేటకెళ్లను."

దారాన్ని వేలి మీదుగా కొంచెం కొంచెం వదిలాడు. గుండు ఎక్కడో తగిలి ఆగింది. పైకి లాగి, ఒక జానెడు పక్కకు జరిపి, మళ్లీ వదిలాడు.

"వచ్చిందేటే?"

"నేదు. కుడికి రా."

"నీ కుడా, నా కుడా?"

"నీ కుడి మావా. ఇంకాస్త. ఇప్పుడొదులు. ఒదులు. ఆగు."

గుండు ఆమె చిటికెన వేలికి తగిలి ఊగింది. రెండు వేళ్ల మధ్య ఇరికించి పట్టుకుంది. కొన్ని రోజులుగా వాళ్లిద్దరూ అన్ని మాటలు మాట్లాడుకోలేదు.

కొత్త పైపు దారానికి కట్టి ఎల్లారావు అందిస్తుంటే ఆమె కింద నుంచి లాగింది. మెత్తగా జారుతూ వచ్చేసింది. ఇక ఎక్కించడమే. ముక్కులాంటిది వేలికి తగిలింది, పైపు దాని మీద పెట్టి తోసింది. ఎక్కింది. "అయిపోనాది," అంది.

దుర్గారావు పై చివర నోట్లో పెట్టుకుని పీల్చాడు. ఒకసారి, ఇంకోసారి. తల అడ్డంగా ఊపాడు. "ఊరికే గాలి వచ్చీత్తందమ్మా. కడ్డీ కదల్లేదు. ఇంకెక్కడో ఎక్కించీసినావు."

మహేశ్వరి బయటికి వచ్చింది. చెయ్యి భుజందాకా మసి, మోచేతి కింద రేకు గీరిన గీతల్లో రక్తం. దుర్గారావు టీ తెప్పించాడు. ఎల్లారావు వదిలేద్దామంటాడని ఆమె ఎదురుచూసింది. అతను మాత్రం సంచీలోంచి తుక్కు డబ్బా తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

టీ చల్లారిపోతుంటే ఆమె కళ్లు మూసుకుని ఆ డబ్బానంతా మళ్లీ తడిమింది. అప్పుడు తెలిసింది. ముక్కు నున్నగా ఉంటుంది, చివర వేలికి తగిలే సన్నటి అంచు ఉంటుంది. ఇందాక లోపల బొటనవేలికి గరుకుగా, మరలు మరలుగా తగిలింది. అది బోల్టు చివర. తగిలినప్పుడే వేలు చెప్పింది, తొందరలో తను వినలేదు.

మళ్లీ పడుకుంది. ఈసారి తోయడానికి ముందు చుట్టూ తడిమింది. కడ్డీ, దాని పైన డబ్బా కడుపు, కడుపు మీంచి గోడ వైపుకు తిరిగితే గరుకు బోల్టు. దాన్ని వదిలేసి ఇంకా అవతలికి పోతే, రెండు వేళ్లు కూడా నిండా పట్టని చోట, నున్నటి ముక్కు. బోల్టు మీంచి పీకిన పైపు చివరను సబ్బునీళ్లతో తడిపింది. ఆనించింది. తోసింది, జారిపోయింది. మళ్లీ ఆనించి, తిప్పుతూ తోసింది. రబ్బరు అంచు మీద కాస్త ఉబ్బి, దాటి, అవతల కూర్చోవడం వేలికొసకు స్పష్టంగా తెలిసింది. చూపుడువేలు కిందికి దించి కడ్డీ మీద పెట్టింది.

"పీల్చన్నా."

వేలి కింద కడ్డీ కదిలింది. బతికున్న చేప కదిలినట్టు, చిన్నగా, బలంగా.

"కదిలింది," అంది మహేశ్వరి.

"నాకూ తెల్సింది. నాలిక అంటుకుపోనాది పైపుకి. సెయ్యి తీసీమ్మా ఇంక."

"ఇంకోసారి పీల్చన్నా."

పీల్చాడు. మళ్లీ కదిలింది. "ఇంకోసారి," అంది. దుర్గారావు నవ్వుకుంటూ పీల్చాడు. అక్కర్లేదని ఆమెకూ తెలుసు. అంత చీకట్లో, అంత ఇరుకులో, తన చెయ్యి చేసిన పని తన వేలికి జవాబు చెబుతుంటే వెంటనే తీసేయబుద్ధి కాలేదు.

బయటికొచ్చాక ఎల్లారావు పాత గుడ్డ డీజిల్లో తడిపి, నలుగురూ చూస్తుండగానే ఆమె చెయ్యి భుజం నుంచి వేళ్లదాకా తుడిచాడు. దుర్గారావు పై చివర బిగించి బండి స్టార్ట్ చేయించాడు. ఇంజను వేగం పెంచితే లోపల్నుంచి సన్నటి ఈల వినిపించింది. ఆ ఈల ఎన్నాళ్లుగా లేదో మహేశ్వరికి అప్పుడే తెలిసొచ్చింది.

వాయుగుండం ఒడిశా వైపు తిరిగిపోయింది. సూచిక దించారు, బోట్లు వెళ్లాయి, కానాగంత చేపలు దండిగా పడ్డాయి. తెల్లారేసరికి రామకోవెల దగ్గర తట్టలు వరసకట్టాయి. ఆడవాళ్లు సగం తట్టలే ఎక్కించి, మిగిలినవి ఆటోలో వేద్దామని చూస్తున్నారు.

"అన్నీ ఎక్కించండి," అంది మహేశ్వరి.

కొండ మొదలైంది. ఆ నిటారు మలుపు దగ్గరయ్యే కొద్దీ అందరూ బండికి సాయం చేస్తున్నట్టు ముందుకు వంగారు. పోతమ్మ ముందు సీట్లో రెండు చేతులతో అంచు పట్టుకుంది. మహేశ్వరి మూడో గేరులోనే ఉంచి కాలు నొక్కింది. ఈల లేచింది. ఎవరో వెనక నుంచి చెయ్యి ఆన్చి తోసినట్టు బండి మలుపు తిరిగి, మొన్న ఆగిపోయిన చోటు దాటి, తట్టల నీళ్లు రోడ్డు మీద ఒలికిస్తూ పైకి పోయింది.

కొండ మీద కొచ్చాక అసిరమ్మ గొంతు సవరించుకుంది. "ఏటే, దించవేటి మమ్మల్ని?"

"నడాలనుందేటి పెద్దమ్మా?"

బండంతా ఒక్కసారి నవ్వింది. పోతమ్మ నవ్వలేదు. కిటికీలోంచి కిందనున్న పోర్టు క్రేన్లనీ ఓడల్నీ చూస్తూ, ఎవరికీ చెప్పనట్టుగా అంది: "నా కోడలు బాగుసేసుకుంది. తన సేత్తో." గాజువాక బజారులో ఆ మాట ఆవిడ చేపలు కొన్న ప్రతివాళ్లకూ చెప్పింది. చేపలు కొననివాళ్లకు కూడా చెప్పింది.

తర్వాత దుర్గారావు నుంచి ఫోను వచ్చింది. అలాంటిదే ఇంకో బండి వచ్చింది షెడ్డుకి. పైభాగం విప్పకుండా పని అవుతుందని ఆయన బండి వాళ్లకు ముందే మాటిచ్చేశాడట. "నీ మాట అడక్కుండా ఒప్పీసుకున్నాను, ఏటనుకోకమ్మా," అన్నాడు. ఏమీ అనుకోలేదు. మధ్యాహ్నం బజారు నుంచి అటే వెళ్లింది. ఆ బండిలో సందు ఇంకాస్త ఇరుకు, డబ్బా ఇంకో వైపుకు తిరిగి ఉంది. తొందరపడలేదు. వేలు ఏం చెబితే అది విని, ఒక్కసారికే ఎక్కించింది. ఇప్పుడు మద్దిలపాలెంలో ఆ రకం బళ్లు వస్తే దుర్గారావు కబురు పెడతాడు. వీలున్న రోజు ఆమె వెళ్తుంది. షెడ్డు గోడకు మేకు కొట్టి, పని వేళ ఆమె చీర మీద వేసుకునే పాత చొక్కా తగిలించుకోవడానికని ఆయన చోటిచ్చాడు. మిగిలిన పనివాళ్ల చొక్కాల వరసలోనే.

ఇక ఎల్లారావు సంగతి. ఒడ్డున వల సర్దుకునే వేళ ఈ కథ చెప్పకుండా ఉండలేడు. చెప్పిన ప్రతిసారీ ఇంజను వెనక సందు సన్నబడుతూ వచ్చింది. మొదట్లో చెయ్యి పట్టనంత ఉండేది, తర్వాత వేలు పట్టనంత అయింది. ఒక సాయంత్రం మహేశ్వరి పక్కనే కూర్చుని వల కన్నులు వేస్తుంటే, వేట సావాసగాళ్లు చుట్టూ చేరి వింటున్నారు.

"ఇలగ పెట్టింది, అలగ ఎక్కించీసింది," అన్నాడు ఎల్లారావు చెయ్యి తిప్పి చూపిస్తూ. "ఒక్క దెబ్బకి."

"ఒక్క దెబ్బకి కాదు మావా," అంది మహేశ్వరి వల మీంచి తల ఎత్తకుండా. "ముందు బోల్టుకి ఎక్కించీసినాను. అదీ సెప్పు."

"అదెందుకే మజ్జిన?"

"ఎందుకేటి? తప్పూ నానే సేసినాను, దిద్దినదీ నానే. సగం సెప్పి సగం దాసీత్తే ఎలగ?"

విన్నవాళ్లు నవ్వారు. బోల్టంటే ఏది, ముక్కంటే ఏది అని ఒకడు అడిగాడు. ఎల్లారావు కాసేపు తల గోక్కుని, ఇసకలో కూర్చుని, డబ్బా బొమ్మ వేలితో గీసి, మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి బోల్టు వదల్లేదు. ఎక్కడైనా తప్పితే అందివ్వడానికి మహేశ్వరి వింటూనే ఉంది, చేతులు వల మీద వాటి పని అవి చేసుకుంటుండగా.